చివరి కుళాయి దాకా

మా పిన్ని పోయిన కబురు సరిగ్గా కుళాయి వచ్చే వేళకి వచ్చింది. పోయిన నెలలో ఒక పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే బాబాయి ఫోన్ చేశాడు. "అమ్మాయ్, మీ పిన్ని పోయిందే. కాఫీ కలుపుతూ కలుపుతూ గట్టుకి ఆనుకుని కూర్చుండిపోయింది. డాక్టరొచ్చి చూసి గుండె ఆగిపోయిందన్నాడు" అన్నాడు. తర్వాత మెల్లగా, "కుళాయి వచ్చిందే. ఇరుగుపొరుగువాళ్లేమో చావింట్లో నిలవ నీళ్లు ఉండకూడదని ఉన్నవన్నీ పారబోశారు. మళ్లీ పట్టమంటావా, వద్దంటావా?" అని అడిగాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో నీళ్ల సంగతి ఆయన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. "పట్టండి బాబాయ్. మూతలు పెట్టండి" అన్నాను. మూతల మాట ఆవిడది. అది నా నోట్లోంచి వచ్చాకే ఏడుపొచ్చింది.

పిన్ని మా ఊరి మునిసిపాలిటీలో నీళ్ల కెమిస్టుగా చేసి రిటైరైంది. మా ఊరంటే పత్తీ మిరపా పండే నేల మీద పెరిగిన ఓ మోస్తరు టౌను. జిన్నింగు మిల్లులు, పురుగుమందుల కొట్లు, రెండు సినిమా హాళ్లు, ఎప్పుడు చూసినా తవ్వేసి ఉండే మెయిన్ రోడ్డు. అలాంటి ఊళ్లో తాగే నీళ్లు చూడ్డానికి ఒక మనిషి ఉందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు ఆవిణ్ణి బ్లీచింగమ్మ అనేవాళ్లు. పేపర్లో ఫొటో వేసేంత మనిషి కాదు కాబట్టి ఆవిడ గురించి ఎవరూ రాయరు. నేనైనా రాయకపోతే ఎలా అని కూర్చున్నాను. పొగడాలని కాదు. ఆవిడ గురించి రాయాలంటే ఆవిడ మోసిన బాధ గురించి రాయాలి, ఆ బాధ దించుకోకుండానే పోయిందన్న దిగులు నాకు ఇంకా తగ్గలేదు.

నేను పుట్టిన పల్లెలో కాలేజీ లేదు. ఇంటరు, డిగ్రీ ఈ టౌన్లో పిన్ని వాళ్లింట్లోనే ఉండి చదివాను, అప్పటి నుంచి ఇదే మా ఊరైపోయింది. బాబాయి గుంటూరు యార్డులో ఒక మిరప కమిషన్ కొట్లో గుమాస్తా. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లం. ఆ వెనకే పిన్ని వచ్చేది, బ్లీచింగు వాసన వేసుకుని. "మన ఇంట్లో దోమ కూడా బతకదే" అని నవ్వేవాడు బాబాయి. ఆవిడ చీరలన్నిటికీ కుచ్చిళ్ల దగ్గర తెల్లటి చుక్కలుండేవి, బ్లీచింగు చింది రంగు పోయి. కొత్త చీర తెచ్చుకున్నప్పుడల్లా ఆయన చేత్తో తిరగేసి మరగేసి చూసి, "ఇదేంటే, దీని మీద చుక్కలు వెయ్యడం మర్చిపోయాడు కొట్టువాడు" అనేవాడు. ఆవిడ నవ్వు ఆపుకుంటూ, "వాడు వెయ్యక్కర్లేదు, సోమవారం నేనే వేసుకుంటా" అనేది.

వంటింటి అలమరలో ఆవకాయ జాడీ పక్కన ఆవిడ పెట్టే గాజు సీసాలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. ల్యాబులో వాటిని వెచ్చగా ఉంచే పెట్టె ఒకటుండేది, అది పాడైతే బాగుచేయించే నాథుడు లేడు. అందుకని ఇంటికి తెచ్చేది. ఊళ్లో ఏదో ఒక కుళాయి నీళ్లు, ముందే మందు వేసి ఉన్న ఆ సీసాలో పోసి మర్నాటి దాకా వెచ్చటి చోట ఉంచితే, నీళ్లలో చెడ్డ సూక్ష్మజీవులుంటే నల్లబడతాయి. లేకపోతే ఉన్నట్టే ఉంటాయి. "మన ఎండలకి వేరే పెట్టె కూడా ఎందుకు, అలమర చాలదూ" అనేది. బాబాయి మాత్రం, "తినే ఆవకాయ పక్కన ఆ మురికి నీళ్లేంటే!" అని గోల పెట్టేవాడు. "మురికో కాదో రేపు తెలుస్తుంది, మీరు ముట్టుకోకండి" అనేది. పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకోకముందే వాటి వంక చూసేది. రంగు మారకపోతే ఆ రోజు ఇడ్లీల్లోకి రెండు చట్నీలు. నల్లబడితే చట్నీ సంగతే మర్చిపోయి చెప్పులేసుకుని వెళ్లిపోయేది. మేం పంచదార అద్దుకుని తినేవాళ్లం.

ఆవిడ చేతిసంచిలో ఇంకో డబ్బా ఎప్పుడూ ఉండేది. అందులో వేలెడంత గాజు గొట్టం, ఒక చుక్కల సీసా. గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి చుక్కలు వేస్తే, నీళ్లలో బ్లీచింగు తాలూకు క్లోరిన్ మిగిలి ఉంటే పసుపు రంగు తేలుతుంది. లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. నీళ్లు శుభ్రం చేసే చోట అందరూ క్లోరిన్ కలుపుతారు, అందులో గొప్ప లేదనేది పిన్ని. అక్కణ్ణుంచి గొట్టాల్లో ఊరంతా తిరిగి తిరిగి, మురిక్కాలవల పక్కనుంచీ కిందనుంచీ పోయి, చివరి ఇంటి కుళాయిలో పడేసరికి కూడా అందులో కాస్త మిగిలి ఉండాలట. దారిలో ఎక్కడైనా గొట్టం చిట్లి మురికి దూరితే కాపు కాసేది ఆ మిగిలిన కాస్తే. "మధ్యలో ఎంత ఉంటే నాకెందుకే. చివరి కుళాయిలో పసుపు కనబడాలి" అనేది. మా ఊరికి చివరి కుళాయి అంటే జిన్నింగు మిల్లు వెనక కాలనీలో, ఖాసింబీ ఇంటి ముందున్న కుళాయి. ఖాసింబీ వాళ్లది పత్తి ఏకి పరుపులు కుట్టే కుటుంబం.

మా ఊరివాళ్లకి ఒక అలవాటుంది. బిందెల్లో నీళ్లు పట్టి, బ్లీచింగు వాసన పోవాలని మూతలు తీసి పెరట్లో ఆరుబయట పెడతారు. కొందరు వట్టివేళ్లు వేస్తారు. ఆ వాసనే కాపలా అని, దాన్ని తరిమేసి కాకులూ ఈగలూ తిరిగే చోట నీళ్లు తెరిచిపెడితే ఏముంటుందనీ పిన్ని ఇంటింటికీ తిరిగి చెప్పేది. ఎవరు వింటారు? "మీ నీళ్లతో కాఫీ పెట్టుకుంటే ఆసుపత్రి తాగినట్టుంటుందండీ" అనేవాళ్లు. ఆవిడ సందు మొదట్లో కనబడగానే గబగబా మూతలు పెట్టేసి, సందు దాటగానే తీసేసేవాళ్లు. పల్లెలో మా అమ్మ కూడా అంతే. సొంత చెల్లెలు వచ్చినప్పుడు మూతలు వెతుక్కునేది.

పిన్నిది పుట్టినిల్లు కనిగిరి వైపు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు. అక్కడి బోరు నీళ్లు తియ్యగా, చల్లగా, అద్దంలా ఉంటాయి. ఆ నీళ్లే తాగి మా తాతయ్య నలభై ఏళ్లకే నడుం వంగి, గోడ పట్టుకుని నడిచేవాడు. ఊళ్లో సగం మందికి పళ్లు గారపట్టి ఉండేవి. నీళ్లలో ఫ్లోరైడు ఉందని చాలా కాలం ఎవరికీ తెలియదు. తెలిశాక కూడా ఏం చెయ్యగలరు, ఉన్నవి ఆ నీళ్లే. పిన్ని కెమిస్ట్రీ చదవడానికి కారణం తాతయ్య నడుమే. మెల్లగా చేసే హాని ఎలా ఉంటుందో ఆవిడ ఇంట్లోనే చూసింది. ఇవాళ తాగి ఇవాళ పడిపోనంత మాత్రాన నీళ్లు మంచివైపోవని ఆవిడకి చిన్నప్పుడే తెలుసు. తర్వాత జరిగినదంతా అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుండాలి.

మా ఊరికి సాగర్ కాలవ నీళ్లు. కాలవ పారినన్నాళ్లు ఊరి బయట పెద్ద చెరువులో నింపుకుంటారు. ఎండాకాలం కాలవ కట్టేశాక ఆ చెరువే గతి. నీళ్లు తగ్గే కొద్దీ పచ్చబడతాయి. నాచు, రాలిన తుమ్మాకు, పడుకున్న గేదెలు, ఏళ్ల తరబడి పేరుకున్న పూడిక. అందుకని ఎండాకాలంలో రెండు చోట్ల బ్లీచింగు పోసేవాళ్లు. చెరువు నీళ్లు శుభ్రం చేసే చోటికి రాగానే ఒకసారి, ఇసకలో వడకట్టాక మళ్లీ ఒకసారి. తొంభైల చివర్లో పిన్ని హైదరాబాద్‌లో ఏదో ట్రైనింగుకి వెళ్లి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఆ మొదటిసారి పోసే బ్లీచింగు ఆవిణ్ణి నిద్రపోనివ్వలేదు.

నాకు కూరలు తరుగుతూ చెప్పింది. "పచ్చటి నీళ్లలో బ్లీచింగు పోస్తున్నామా, అది పురుగుల్ని చంపుతుంది. బాగానే ఉంది. కానీ ఆ నాచుతోనూ కుళ్లిన ఆకుతోనూ కూడా కలుస్తుంది. కలిసి వేరే సరుకు పుడుతుంది. ఏళ్ల తరబడి తాగితే అది ఒంటికి మంచిది కాదంటున్నారే."

"మరి జనం వాసనని తిడుతున్నారంటే నిజమేగా పిన్నీ?"

"కాదే పిచ్చిమొహమా. జనం వాసనకి భయపడుతున్నారు. ఆ వాసన మంచిది. నేను భయపడేదానికి వాసన కూడా లేదు."

"పరీక్ష చెయ్యొచ్చుగా?"

"దానికి పెద్ద మిషను కావాలి. మన ల్యాబులో నా ముక్కు తప్ప ఏముంది?"

దారి ఆవిడకి తెలుసు. చెరువు పూడిక తీయించాలి, చుట్టూ కంచె వేసి గేదెల్ని రానివ్వకూడదు, వడకట్టే చోట పాత ఇసక తీసి కొత్తది పోయాలి. ముందు పటికతో నీళ్లు తేర్చి, వడకట్టి, మురికంతా పోయాక అప్పుడు బ్లీచింగు కలపాలి. కలపడానికి నాచూ ఆకూ లేకపోతే ఆ సరుకు పుట్టడం తగ్గుతుంది, పురుగులూ చస్తాయి. "ముందు తేరనివ్వాలి, తర్వాతే బ్లీచింగు" అని ఇంట్లో పనిమనిషికి కూడా చెప్పేది, పాపం ఆమెకేం సంబంధమో. ఆఫీసులోనూ అదే పాట. అప్పుడున్న కమిషనరు, "మేడం, ముందు నీళ్లు రానివ్వండి. వచ్చాక మంచివా కాదా చూద్దాం" అన్నాడట. పూడికకీ ఇసకకీ మంజూరు రాలేదు. ఆ ఏడే కాదు, ఆవిడ రిటైరయ్యే దాకా రాలేదు.

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నప్పటి ఎండాకాలం. చెరువు మరీ పచ్చబడింది. మా వార్డు కౌన్సిలరు ఇంటికొచ్చి, "బ్లీచింగు తగ్గించండి మేడం, ఆడోళ్లంతా బిందెలేసుకుని నా ఇంటి మీదకొస్తన్నారు" అని బతిమాలాడు. ఆయన అడిగిందానికీ పిన్ని మనసులో ఉన్నదానికీ సంబంధం లేదు గానీ, రెండూ ఒకే దారిన వచ్చి కలిశాయి. పూడిక తియ్యరు, ఇసక మార్చరు, తన చేతిలో ఉన్నది ఒక్కటే. మొదటిసారి పోసే బ్లీచింగు ఆపించేసింది. వడకట్టాక పోసేది కొద్దిగా పెంచమంది. పుస్తకం ప్రకారం తప్పు లేదు. పుస్తకంలో ఇసక కొత్తదై ఉంటుంది, అంతే తేడా.

ఆ నెల్లాళ్లు పిన్నికి ఊళ్లో జరిగిన మర్యాద చూడాలి. "ఈ ఏడు నీళ్లు బాగున్నాయి మేడం గారూ" అని దారిలో ఆపి మరీ చెప్పారు. ఎవరో బుట్టెడు బంగినపల్లి మామిడిపళ్లు తెచ్చి ఇచ్చారు. మా అమ్మ ఊరి నుంచి వచ్చి, "ఇన్నాళ్లకి నీ ఉద్యోగం దారిన పడిందే" అంది. పిన్ని చిన్నపిల్లలా సంబరపడింది. ఆవిణ్ణి అంత సంతోషంగా అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. రోజూ డబ్బా తీసి ఊరి మధ్య కుళాయిల్లో పరీక్ష చేసేది. పసుపు తేలేది. వారానికోసారి మిల్లు వెనక కాలనీకి వెళ్లడం ఆవిడ అలవాటు. ఒక వారం వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదంటే చెప్పడానికి కారణం కూడా లేదు. ఎండ మండిపోతోంది, ఊళ్లో అంతా బాగానే ఉంది కదా అన్న ధీమా, అంతే.

పాత ఇసక మురికిని ఆపలేదు. ఆ మురికి దారి పొడుగునా క్లోరిన్‌ని తినేసింది. కాలనీ దాకా వచ్చేసరికి నీళ్లలో కాపలా మిగల్లేదు. సరిగ్గా అప్పుడే కాలనీ మొదట్లో మురిక్కాలవ దాటే చోట గొట్టం చిట్లింది. రెండు రోజుల్లో కాలనీ అంతా వాంతులు, విరేచనాలు. సర్కారు ఆసుపత్రి వరండాలో కూడా చాపలేసి సెలైన్లు పెట్టారు. చాలామంది లేచి ఇంటికి వెళ్లారు. ఖాసింబీ చిన్న కూతురు లేవలేదు. అప్పుడప్పుడే బడికి వెళ్తోంది ఆ పిల్ల.

రోగాలు మొదలయ్యాక కాలనీ నుంచి తెచ్చి పెట్టిన నీళ్ల సీసా మర్నాటి పొద్దున అలమరలో పెన్సిలు ముల్లంత నల్లగా ఉంది. పిన్ని దాని ముందు నేల మీద కూర్చుంది. బాబాయి ఆవకాయ మాట ఎత్తలేదు.

విచారణ జరిగింది. గొట్టం చిట్లడం వల్ల అని రాశారు. గొట్టం మార్చారు. బ్లీచింగు తగ్గిన సంగతి ఎవరూ అడగలేదు, కౌన్సిలరు అసలే అడగడు. పిన్ని పెద్దాఫీసరు దగ్గరికి వెళ్లి తనే చెప్పింది. ఆయన తలుపు వేసొచ్చి, "చెప్పకండి మేడం, మీరూ ఇరుక్కుంటారు, మేమూ ఇరుక్కుంటాం" అని పంపించేశాడు. ఆ సీసా నల్లబడ్డ రోజు నుంచే మొదటి బ్లీచింగు మళ్లీ మొదలైంది. ఊరంతా మళ్లీ ముక్కు మూసుకుంది. "బ్లీచింగమ్మకి మళ్లీ పూనకం వచ్చింది" అన్నారు. ఆ మామిడిపళ్లు తెచ్చినాయన కూడా అన్నాడు.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లు ఆవిడ ఒక్క చెంచా తగ్గించలేదు. కానీ పచ్చటి నీళ్లలో బ్లీచింగు పోయించిన ప్రతి రోజూ తాతయ్య నడుం గుర్తొస్తుందనేది. ఒకసారి నాకు కోపమొచ్చి, "రెండింట్లో ఏది పెద్ద ప్రమాదమో తేల్చుకుని ఊరుకోరాదూ" అన్నాను. "అందులో తేల్చుకోవడానికేముందే? తొందరగా చంపేదాన్ని ముందు ఆపాలి. బ్లీచింగు మానకూడదు, ఎప్పటికీ మానకూడదు. కానీ మెల్లగా వచ్చేది ఆగి ఉండదు కదా. చెరువు బాగుచేస్తే రెండూ ఆగుతాయి. ఆ ఒక్క పనీ చెయ్యరు" అంది. నేను బడిలో పిల్లలకి నీళ్ల పాఠం చెప్పేటప్పుడు ఇప్పటికీ ఈ మాటలే చెప్తాను, ఎవరివో చెప్పను.

శుక్రవారాలు మొదలైంది కూడా అప్పటి నుంచే. ప్రతి శుక్రవారం కుళాయి వేళకి కాలనీకి వెళ్లేది. ఖాసింబీ ఇంటి ముందు కుళాయిలో నీళ్లు పట్టి చుక్కలు వేసి చూసేది. తర్వాత ఖాసింబీ స్టీలు గ్లాసుతో నీళ్లిస్తే గుమ్మంలో నిలబడి తాగి వచ్చేసేది. సెలవు పెట్టిన రోజున కూడా వెళ్లేది. జ్వరంగా ఉన్నప్పుడు బాబాయి రిక్షాలో కూర్చోబెట్టి తీసుకెళ్లాడు. "తాగి రావడమేంటే, పరీక్ష చేస్తే సరిపోదా?" అని ఆయన విసుక్కుంటే, "వాళ్లు తాగట్లేదా?" అనేది.

పెళ్లయి నేను చీరాల వచ్చేశాక, ఒక ఆదివారం పిన్నీ బాబాయీ చూడ్డానికొచ్చారు. వాడరేవు తీసుకెళ్లాను. ఒడ్డున ఎండు చేపల వాసన, సెలవురోజు జనం, పిల్లల కేకలు. బాబాయి పడవల దగ్గర చేపల బేరం చూడ్డానికి వెళ్లాడు. పిన్ని చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, పాదాలు తడిసేంత దూరంలో నిలబడి సముద్రాన్ని చూస్తూ, "హమ్మయ్య, ఈ నీళ్లకి నాకు బాధ్యత లేదు" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"ఖాసింబీకి చెప్పాలే" అంది.

"ఏం చెప్పాలి? గొట్టం చిట్లింది పిన్నీ. గొట్టాలు నీ పని కాదు."

"గొట్టం చిట్లడం నా చేతిలో లేదు. చిట్లినా కాపాడేది నా చేతిలో ఉంది. దాన్ని నేనే తీసేశాను." అలను తప్పుకుని ఒక అడుగు వెనక్కి వేసి, "ప్రతి శుక్రవారం ఇవాళ చెప్పేద్దామనే వెళ్తాను. వెళ్లగానే నీళ్లిస్తుంది. తాగుతాను. ఆమె చేత్తో ఇచ్చిన నీళ్లు తాగి, ఆ నోటితో ఆ మాట ఎలా చెప్పనే?"

"అయితే తాగకముందే చెప్పు" అన్నాను. నాదెప్పుడూ ఇలాంటి తెలివే. ఆవిడ నా వంక చూసి, "అవునే, ఈసారి అలాగే చేస్తా" అంది, పిల్లల మాటకి ఊకొట్టినట్టు. బాబాయి చేపలు కొనకుండానే వచ్చేశాడు. తిరుగు బస్సులో ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతూ వెళ్లారు.

చెప్పలేదు. రిటైరైంది, పరీక్ష డబ్బా మాత్రం సొంతానికి ఒకటి కొనుక్కుంది, శుక్రవారాలు మానలేదు. చెరువు పూడిక తియ్యలేదు. గేదెలు ఇంకా అందులోనే పడుకుంటున్నాయి. ఆవిడ పోయాక వచ్చినవాళ్లలో ఎవరో, "అన్నేళ్లు ఆ బ్లీచింగు పీలిస్తే గుండె ఆగదూ" అన్నారు. నాకు ఒళ్లు మండింది. డాక్టరు అలా అనలేదు, పిన్ని ఉంటే ఆధారం లేని మాట అననిచ్చేది కాదు. గుండె మీద ఉన్న బరువేమిటో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను.

ఆవిడ పోయాక వచ్చిన మొదటి శుక్రవారం, బాబాయితో చెప్పి, పిన్ని సంచి భుజాన వేసుకుని కాలనీకి వెళ్లాను. ఆవిడ చెప్పలేకపోయిన మాట నేనైనా చెప్పి రావాలనుకున్నాను. దారంతా ఎలా మొదలుపెట్టాలా అనే ఆలోచన. ఖాసింబీ గుమ్మంలో కూర్చుని పరుపు కుడుతోంది. జుట్టు బాగా నెరిసింది. నా భుజాన సంచి చూడగానే సూది పరుపులో గుచ్చేసి లేచింది. నా రెండు చేతులూ పట్టుకుని గుమ్మంలో కూర్చోమంది. గుమ్మం పక్క గోడ గూట్లో స్టీలు గ్లాసు ఉంది, దాని మీద మూత.

"అలవాటమ్మాయ్" అంది నేను గ్లాసు వంక చూడ్డం చూసి. "పొద్దున కుళాయి రాగానే పట్టేశాను. పట్టాక గుర్తొచ్చింది, మేడం గారు రారని."

నేను కూర్చున్నాను. "ఖాసింబీ గారూ, పిన్ని మీకో మాట చెప్పాలని చాలా ఏళ్లు అనుకుంది" అని మొదలుపెట్టాను.

"బ్లీచింగు తగ్గించిన సంగతేగా" అంది.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"నీళ్ల ట్యాంకు దగ్గర పనిచేసేటాయన మా ఆయనకి బిడ్డ పోయిన నెల్లోనే చెప్పాడు. ఆ తర్వాత మేడం గారు మొదటిసారి వచ్చినప్పుడు గ్లాసు నిండా పట్టి ఇచ్చాను. ప్రేమతో ఇచ్చాననుకున్నావా? కోపంతో ఇచ్చాను. తాగు, నా బిడ్డ తాగిన నీళ్లే నువ్వూ తాగు అని. ఆవిడ గడగడా తాగేసింది. మళ్లీ వారం వచ్చింది. మళ్లీ ఇచ్చాను. మళ్లీ తాగింది." ఖాసింబీ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "కోపం ఎన్నాళ్లు నిలబడుద్దమ్మాయ్? ఒక శుక్రవారం ఆలస్యమైతే నేనే పని ఆపేసి సందు చివరి దాకా వెళ్లి చూశాను, ఇంకా రాలేదేంటా అని."

"మరి 'నాకు తెలుసు' అని మీరు ఒక్కసారి అనలేకపోయారా?" అన్నాను. నిష్ఠూరంగానే అన్నాను. నాకు ఆ హక్కు లేదు. అయినా అన్నాను.

"ఆవిడే చెప్తుందిలే అని నేను. చెప్పబోయేది, గొంతు దాకా వచ్చేది, తెలుస్తానే ఉండేది. ఎలాగోలా నేనే అనేద్దామా అనుకునేదాన్ని." ఆమె గూట్లో గ్లాసు వైపు చూసింది. "కానీ ఆ మాట బయటపడితే ఆవిడ బరువు దిగిపోయి, ఇంక రావడం మానేస్తుందేమో అనిపించేది."

నా తెలివి వాడరేవు దగ్గరే అయిపోయింది. పిన్ని ఈ మాట వినుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. బతికి ఉన్న ఇద్దరు ఆడవాళ్లు ప్రతి శుక్రవారం ఎదురెదురుగా నిలబడి, ఇద్దరికీ తెలిసిన ఒక్క సంగతి మాట్లాడుకోకుండా, గ్లాసు ఇచ్చి పుచ్చుకుని వెళ్లిపోయారు. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియని బాధ ఇది.

"డబ్బా తెచ్చావా?" అంది ఖాసింబీ. "వేసి చూడు మరి."

కుళాయి ఇంకా సన్నగా వస్తోంది. గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కలు వేసి, పిన్ని చేసినట్టే ఆకాశం వైపు ఎత్తి పట్టుకున్నాను. ఖాసింబీ నా భుజం మీదుగా చూస్తోంది. కాసేపు తెల్లగానే ఉంది. తర్వాత లేత పసుపు మెల్లగా గొట్టమంతా పాకింది.

"ఉందా?"

"ఉందండీ."

ఖాసింబీ గుమ్మం పక్క గూట్లోంచి గ్లాసు తీసుకొచ్చి, మూత తీసి నాకు ఇచ్చింది. గుమ్మంలో నిలబడే తాగాను. గొంతులోకి బ్లీచింగు వాసన ఎగదన్నింది, చిన్నప్పుడు పిన్ని ఒళ్లో తల పెట్టుకుంటే వచ్చే వాసన. గ్లాసు ఇచ్చేసి బయల్దేరాను. సందు మలుపులో వెనక్కి తిరిగి చూశాను. ఖాసింబీ కుళాయి దగ్గర వంగి ఆ గ్లాసు కడుగుతోంది. కడిగి, ధార సన్నబడిపోయిన కుళాయి కింద నిండే దాకా పట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని లేచి, మూత పెట్టి మళ్లీ గూట్లో పెట్టింది.